గోదావరి మన్యంలో ఋతు పండుగలు: 'కొత్త' నియమం – అటవీ చట్టం – ముంపు

వ్యాససంగ్రహం:

రాజమహేంద్రవరానికి ఎగువన, పాపికొండలకు ఇరువైపులా, రంప–రేకపల్లి మన్యంలో నివసించే కొండరెడ్లు, కోయలు ఏడాది పొడవునా జరుపుకొనే పండుగల్లో ఎక్కువ భాగం 'కొత్త' పండుగలు. ఒక పంటను గాని, పండును గాని ఊరంతా కలిసి దేవతకు సమర్పించేవరకు ఎవరూ ముట్టరాదన్నది వీటి మూలనియమం. ఈ నియమాన్ని మతాచారంగా మాత్రమే చూడక, అడవి వినియోగాన్ని క్రమబద్ధం చేసిన అలిఖిత చట్టంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. 1879 రంప తిరుగుబాటు, 1882 మద్రాసు అటవీ చట్టం, ప్రస్తుత పోలవరం ముంపు అనే మూడు చారిత్రక సందర్భాలలో ఈ పండుగల కాలక్రమం ఏమైందో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: కొండరెడ్లు, కోయలు, కొత్త పండుగ, పోడు, జీలుగు, చిగురుపన్ను, రంప తిరుగుబాటు, పోలవరం.

1. ఉపోద్ఘాతం:

రాజమహేంద్రవరంలో పండుగ ఎప్పుడో తెలియాలంటే పంచాంగం చూస్తాం. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందులో ఘడియలతో సహా ఉంటుంది. ఇక్కడినుండి గోకవరం మీదుగా రంపచోడవరం దాటి కొండదారి పట్టిన తరువాత పండుగకు తిథి లేదు. ఊరి పెద్దలు, పూజారి కలిసి చెట్టును చూస్తారు, చేనును చూస్తారు, మబ్బును చూస్తారు. మామిడికాయలో టెంక ముదిరిందా, చిక్కుడు గింజ పట్టిందా, తొలకరి దగ్గర పడిందా అన్నదాన్నిబట్టి రోజు నిర్ణయమవుతుంది. పక్కపక్క ఊళ్ళలో ఒకే పండుగ వేర్వేరు రోజుల్లో జరగడం ఇందువల్లనే.

ఈ తేడా నాకు పుస్తకాలకన్నా ముందు హాజరుపట్టీలో కనిపించింది. కళాశాల తెరిచిన తొలి వారాల్లోనే మన్యం నుండి వచ్చిన విద్యార్థులు కొందరు భూమి పండుగకని ఇళ్ళకు వెళ్తారు. వారు తిరిగి వచ్చేసరికి హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తులు ఉంటాయి. సంక్రాంతికి సెలవులు ఇచ్చే విద్యాసంవత్సర ప్రణాళికలో విత్తనాల పండుగకు చోటు లేదు. ఒక పండుగ ఏ అధికారిక కాలపట్టికలోకీ ఎందుకు ఎక్కలేదన్న ప్రశ్నతో మొదలైన పరిశీలన, కాలాన్ని ఎవరు నిర్ణయించాలి అన్న పాత వివాదం దగ్గరకు తీసుకువెళ్ళింది. మన్యం చరిత్రలో ఆ వివాదం అనేకసార్లు తుపాకుల దాకా వెళ్ళింది.

2. ఆధారాలు – పరిమితులు:

కొండ ఊళ్ళలో ఋతువును అనుసరించి పండుగలు జరగడం ప్రపంచమంతటా ఉన్నదే. ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో కొకుల్లో అనే చిన్న కొండ ఊరు ఉంది. అక్కడ శీతకాలపు నిద్ర చాలించి బయటికి వచ్చిన పాములను పట్టి తెచ్చి, మే 1న సాధువు డొమినిక్ విగ్రహానికి చుట్టి ఊరేగిస్తారు. తరువాత వాటిని తిరిగి అడవిలో వదులుతారు. ఉంబ్రియాలోని గుబ్బియో పట్టణంలో ఏటా మే 15న మూడు భారీ కొయ్య నిర్మాణాలను భుజాన మోస్తూ ఇంజీనో కొండపైకి పరుగు తీస్తారు. ఆ పట్టణాల పండుగల చరిత్ర రాసేవారికి చర్చి దస్త్రాలు, పట్టణ పాలక పత్రాలు అందుబాటులో ఉంటాయి. గోదావరి మన్యానికి అటువంటి స్వీయలిఖిత దస్త్రం లేదు. ఇక్కడి పండుగల గురించి రాసినవారందరూ బయటివారే.

వీరిలో తొలితరం వారు దుమ్ముగూడెం మిషన్‌కు చెందినవారు. గోదావరిలో పడవమార్గం నిర్మాణ పనులు చూసిన ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో అక్కడ కోయల మధ్య క్రైస్తవ మిషన్ ఏర్పడింది. ఆ మిషన్‌కు చెందిన రెవరెండ్ జాన్ కెయిన్ 1870ల నుండి కోయల ఆచారాలపై రాశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల కులాలు–తెగల గ్రంథంలో కోయల గురించిన సమాచారానికి కెయిన్ రాతలే ముఖ్య ఆధారం. హెమింగ్‌వే 1907లో కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు పరిపాలనా దృష్టితో రాసినది. నిజాం రాజ్యంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్–హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లపై వెలువరించిన గ్రంథం పాపికొండల ప్రాంతపు జీవనంపై తొలి సమగ్ర అధ్యయనం. రంప తిరుగుబాట్లపై డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో రాసిన వ్యాసం పాలనాపత్రాలను తిరుగుబాటుదారుల వైపునుండి చదివే ప్రయత్నం చేసింది.

ఈ ఆధారాలన్నింటిలో గమనించదగిన అంశం ఒకటుంది. పరిపాలనాపత్రాలలో మన్యం ఋతుచక్రం పండుగ అన్న శీర్షిక కింద తక్కువగా, పన్ను, అబ్కారీ, అడవి అన్న శీర్షికల కింద ఎక్కువగా కనిపిస్తుంది. ప్రభుత్వ ఆదాయంతో ఢీకొన్నప్పుడే అది అధికారి కంట పడింది. కాబట్టి ఈ పండుగల చరిత్ర తెలుసుకోవాలంటే రెవెన్యూ చరిత్రను కూడా పక్కన పెట్టుకొని చదవవలసి ఉంటుంది.

3. 'కొత్త' – పండుగల వరుస:

3.1. విత్తనాల పండుగ:

పోడు వ్యవసాయం ఏడాదిని మూడు భాగాలు చేస్తుంది. చలికాలం చివర కొండవాలున చెట్లు, పొదలు నరుకుతారు. ఎండలు ముదిరాక ఎండిన కొమ్మలను తగలబెడతారు. తొలకరికి ముందు ఆ బూడిద నేలలో కర్రతో గుంత చేసి విత్తనం వేస్తారు. విత్తడానికి ముందు వచ్చేది భూమి పండుగ. కోయభాషలో పండుగను 'పండుం' అంటారు. విత్తనాల పండుగను 'విజ్జ పండుం' అని వ్యవహరిస్తారు. ఇళ్ళనుండి తెచ్చిన విత్తనాలను దేవత ఎదుట ఉంచి, పూజించి, తిరిగి పంచుకుంటారు. పురుషులు విల్లంబులతో వేటకు వెళ్తారు. ఆ రోజుల్లో ఊరు స్త్రీల చేతిలో ఉంటుంది. దారికి అడ్డంగా తాడో కర్రో కట్టి బాటసారులనుండి డబ్బు వసూలు చేస్తారు. వేటనుండి వట్టి చేతులతో వచ్చిన మగవారిని ఎగతాళి చేసే హక్కు వారిదే. ఉత్తరాన విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలోనూ వేట, దారి కాయడం అనే రెండు అంశాలు ఇలాగే కనిపిస్తాయి.

డెల్టాలోని ఏరువాక పున్నమి కూడా వ్యవసాయారంభ పండుగే. అయితే దానికి జ్యేష్ఠపూర్ణిమ అన్న తిథి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా రైతుకు ఆ తిథికన్నా కాలువకు నీరు వదిలే తేదీ ముఖ్యమైంది. దుక్కి ఆ తేదీని అనుసరించింది, పండుగ తిథిని అనుసరించింది. కొండమీద ఈ రెండూ విడిపోలేదు. పండుగ జరిగితేనే విత్తు, విత్తే వేళ వస్తేనే పండుగ.

3.2. పంటల కొత్తలు:

వానలు కురిసిన తరువాత ఆకుకూరలు, గుమ్మడి, చిక్కుడు, సామ, కొర్ర, జొన్న, కంది వరుసగా చేతికి వస్తాయి. ఒక్కొక్కదానికి ఒక 'కొత్త' ఉంటుంది. కొన్ని ఊళ్ళలో రెండు మూడింటిని కలిపి జరుపుకొంటారు. పచ్చ పండుగ, చిక్కుడు పండుగ, కందికొత్త, పప్పు పండుగ మొదలైనవి ప్రాంతాన్నిబట్టి మారే పేర్లు. గంగాలమ్మ, ముత్యాలమ్మ వంటి గ్రామదేవతలకు కోడినో మేకనో బలి ఇచ్చి, తొలి పంటను వండి నైవేద్యం పెట్టి, ఊరందరూ కలిసి తింటారు. అంతవరకు ఆ పంట ఎవరి చేనులో ముందు పండినా వారు తినకూడదు. నియమం తప్పితే ఆ కీడు తప్పినవాడికే గాక ఊరంతటికీ తగులుతుందని విశ్వాసం.

ఇక్కడ తెలుగు మాటను కొంచెం పట్టి చూడాలి. డెల్టాలో 'కొత్త' అంటే కొత్త బియ్యం, కొత్త అమావాస్య. అక్కడ అది విశేషణం. మన్యంలో 'కొత్త' నామవాచకం. 'కొత్త అయిందా?', 'మా ఊళ్ళో ఇంకా కొత్త కాలేదు' అనే ప్రయోగంలో ఆ మాటకు అనుమతి అనే అర్థం చేరింది. ఊరు ఇచ్చే అనుమతి పేరు కొత్త.

3.3. మామిడి కొత్త:

ఈ నియమం వెనుక ఉన్న ఆర్థిక తర్కం మామిడి కొత్తలో స్పష్టంగా తెలుస్తుంది. కొండరెడ్లకు మామిడి ఎండాకాలపు పండు మాత్రమే కాదు, వానాకాలపు తిండి కూడా. పండు తిన్నాక టెంకలను దాచి ఎండబెడతారు. లోపలి జీడిని తీసి, వగరు, చేదు పోయేవరకు పారే నీటిలో నానబెట్టి, దంచి, పిండిగా చేసి అంబలి కాస్తారు. పాత ధాన్యం అయిపోయి కొత్త పంట రాని ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఈ జావే ఆధారం. పిందె దశలో కాయ తెంపితే లోపల జీడి ఉండదు. పండుగకు ముందు ఎవరూ మామిడికాయ తెంపకూడదన్న కట్టుబాటు వల్ల టెంక ముదిరే గడువు ప్రతి చెట్టుకూ దక్కుతుంది. అడవిలోని మామిడి ఏ ఒక్కరి సొత్తూ కాదు. అటువంటి ఉమ్మడి సంపదను ముందు వచ్చినవాడు దోచుకోకుండా కాపాడేది ఈ కొత్త నియమమే అని చెప్పవచ్చు. దేవత కోపం అన్న భాషలో చెప్పినది ఆకలినెలల లెక్క.

3.4. జీలుగు:

జీలుగు చెట్టు ఈ వరుసలో మరొక ముఖ్యమైన కొస. పూర్తిగా పెరిగాక దాని గెలలు పైనుండి కిందికి ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అన్నిటికన్నా కిందిది ముగిశాక చెట్టు చచ్చిపోతుంది. గెల గీసి కల్లు తీసే కాలం చలికాలం నుండి ఎండాకాలం దాకా సాగుతుంది. హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల ఆహారంలో జీలుగు కల్లుకు ఉన్న ప్రాధాన్యాన్ని వివరంగా నమోదు చేశాడు. గింజలు తరిగే నెలల్లో అది పానీయం కన్నా ఆహారంగానే ఎక్కువ ఉపయోగపడింది. పండుగలో దేవతకు ధార పోసేదీ కల్లే. కనుక కల్లు మీద ఆంక్ష పెడితే తిండి, పూజ రెండింటి మీదా పెట్టినట్టే.

4. 1879: కల్లు మీద పన్ను:

రంప ప్రాంతం అప్పట్లో ఒక మన్సబుదారు చేతిలో ఉండేది. అతని కింద ఊళ్ళ సముదాయాలను ముత్తాదార్లు చూసేవారు. మన్సబుదారు వసూలు చేసిన పన్నుల్లో కల్లుకు సంబంధించినది 'చిగురుపన్ను'. ఆ పేరులోనే ఋతువు ఉండటం గమనార్హం. చెట్టు చిగిర్చే కాలాన్ని ఏలిక తన ఆదాయకాలంగా మార్చుకున్న తీరు ఆ సమాసంలో నిలిచిపోయింది. దీనికి తోడు 1870ల చివర ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, కల్లు మీద రాబడిని గుత్తేదార్లకు అప్పగించింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. మరోవైపు మైదానం నుండి వచ్చిన వర్తకులు కోర్టులలో ఏకపక్ష తీర్పులు తెచ్చుకొని పశువులను, ధాన్యాన్ని జప్తు చేయించారు.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి వంటివారు నాయకులయ్యారు. ఏప్రిల్‌లో అది విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతానికి వ్యాపించింది. విచారణ జరిపిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ మన్సబుదారు దోపిడీని, అబ్కారీ విధానాన్ని ముఖ్యకారణాలుగా గుర్తించాడు. తిరుగుబాటును అణచిన తరువాత మన్సబుదారును తొలగించి, ప్రభుత్వం ముత్తాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

ఈ తేదీలను మన్యం ఋతుచక్రం పక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. మార్చి కల్లు కాలం. రంపలో ప్రధాన ఫిర్యాదు కల్లే. జూలై నాటికి పోడు విత్తనాలు పడి ఉంటాయి. రేకపల్లిలో ప్రధాన ఫిర్యాదు పోడు. ఆ ప్రాంతం 1874 వరకు మధ్య పరగణాల పాలనలో ఉండేది. అప్పుడు గొడ్డలికి ఇంత అని స్వల్పమైన పన్ను ఉండేది. గోదావరి జిల్లాలో చేరాక శిస్తు దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో పోడు నిషేధించబడింది. తిరుగుబాటుకు ఋతువే కారణమని దీని ఆధారంగా అనలేం. ఒక్కొక్క చోట ఏ ఋతుహక్కు దెబ్బతిన్నదో ఆ ఋతువులోనే కోపం బయటపడిందని మాత్రం అనవచ్చు.

5. పోడు, వేట – అటవీ చట్టం:

1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులను ఏర్పరచి, పోడును, అటవీ ఉత్పత్తుల సేకరణను అనుమతికి లోబరచింది. అనుమతి అనే భావన మన్యానికి కొత్తది కాదు. ఇంతకు ముందు చెప్పినట్టు 'కొత్త' పండుగ స్వరూపమే అనుమతి. మారినది అనుమతి ఇచ్చేవారు. ఊరి పూజారి, పెద్దలు ఉన్న చోటికి అటవీ ఉద్యోగి వచ్చాడు. పాత అనుమతి ఏడాదికొకసారి ఊరందరికీ ఒకేసారి, ఏ రుసుమూ లేకుండా లభించేది. కొత్త అనుమతి మనిషి మనిషికి వేరు. దానికి రుసుము, మామూలు, వెట్టి తప్పలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గూడెం కొండల్లో మొదలైన పోరాటానికి వెట్టిచాకిరీతో పాటు పోడు ఆంక్షలు కూడా నేపథ్యం కావడం ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసిన విషయం.

స్వాతంత్ర్యానంతరం కూడా ఈ ఘర్షణ రూపం మార్చుకొని కొనసాగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. పాపికొండ అభయారణ్యం 2008లో జాతీయ ఉద్యానవనమైంది. అడవిజంతువులకు రక్షణ అవసరమన్నది నిర్వివాదం. కాని దాని ఫలితంగా విత్తనాల పండుగలోని ఒక ప్రధాన భాగం చట్టవిరుద్ధమైంది. చాలా ఊళ్ళలో వేట నామమాత్రమైంది. స్త్రీలు దారి కాయడం మాత్రం మిగిలింది. వేట లేకుండా దారి కాసే దృశ్యాన్ని చూసిన బయటివారికి అది చందా వసూలుగా తోస్తుంది. పండుగలో ఒక భాగం తెగితే మిగిలిన భాగం అర్థం కోల్పోతుందనడానికి ఇది ఒక ఉదాహరణ.

6. ముంపు:

పోలవరం ప్రాజెక్టు 2014 పునర్విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టుగా గుర్తింపు పొందింది. అదే ఏడాది ఖమ్మం జిల్లానుండి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. నిర్వాసితులయ్యే కుటుంబాల సంఖ్య సుమారు లక్ష. వీరిలో కోయలు, కొండరెడ్లు పెద్ద భాగం. 2021లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్ళించారు. వరదకాలంలో దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ గుడి నీట మునగడం రాజమహేంద్రవరం పత్రికల్లో ఏటా వచ్చే వార్త అయింది.

గుడిని మరో చోట కట్టవచ్చు, విగ్రహాన్ని తరలించవచ్చు. పోచమ్మ విషయంలో అది సాధ్యమే. మామిడి కొత్తకు ఆ వెసులుబాటు లేదు. పునరావాస కాలనీలో ఇల్లు, రోడ్డు, విద్యుత్తు, కొన్నిచోట్ల భూమికి భూమి లభించవచ్చు. పరిహారపు లెక్కలో చెట్టుకు ధర కట్టవచ్చు. అయితే ఊరందరూ కలిసి ఎదురుచూసే ఉమ్మడి మామిడితోపు, గెల గెలకూ హక్కుదారు ఎవరో తెలిసిన జీలుగు చెట్టు, పోడు కొండ అక్కడ ఉండవు. బజారులో ఏప్రిల్‌లోనే కొన్న మామిడిపండుకు ఊరి అనుమతి అక్కరలేదు. అటువంటి చోట కొత్త పండుగ జరిగినా, అది ఏమీ నిషేధించని నియమంగా మిగులుతుంది.

దీనికి చట్టపరమైన ఆధారాలు లేకపోలేదు. 1996 పీసా చట్టం గిరిజనుల సంప్రదాయాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని, ఉమ్మడి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కొండరెడ్లవంటి ఆదిమ తెగలకు ఆవాసప్రాంతంపై సాముదాయిక హక్కును గుర్తించింది. ఆవాసం అంటే ఇల్లు మాత్రమేనా, పండుగ జరగడానికి కావలసిన కొండ, తోపు, వాగు కూడానా అన్న ప్రశ్నకు ఈ పండుగల కాలక్రమమే సాక్ష్యం కాగలదు. ఏ నెలలో ఏ చెట్టు దగ్గర ఏ దేవతకు ఏమి సమర్పిస్తారో నమోదైన ఊరికి, తన ఆవాసపు హద్దులు చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. గోదావరి మన్యంలోని 'కొత్త' పండుగలు ఉమ్మడి వనరుల వినియోగానికి ఊరు విధించుకున్న గడువులు. మామిడి కొత్త నియమానికి, వానాకాలపు టెంక జావకు మధ్య ఉన్న సంబంధం ఇందుకు బలమైన నిదర్శనం.

2. ఈ పండుగలకు తిథి లేకపోవడం లోపం కాదు. చెట్టును, చేనును చూసి రోజు నిర్ణయించే అధికారం ఊరికి ఉండటమే వాటి సారం.

3. 1879లో రంపలో కల్లు, రేకపల్లిలో పోడు ప్రధాన ఫిర్యాదులు కావడం, తిరుగుబాటు ఆయా ఋతువులలోనే బయటపడటం, పన్ను విధానం మన్యం ఋతుచక్రాన్ని ఎక్కడ తాకిందో సూచిస్తున్నాయి.

4. అటవీ చట్టాలు అనుమతి అనే భావనను కాక, అనుమతి ఇచ్చే అధికారాన్ని మార్చాయి.

5. పునరావాసం దేవతను తరలించగలదు గాని, 'కొత్త'కు ఆధారమైన ఉమ్మడి చెట్లను, కొండను తరలించలేదు.

తెలుగు శాఖలలో జానపద పరిశోధన ఎక్కువగా పాటలు, కథలు, సామెతల సేకరణగా సాగింది. మన్యం విషయంలో దానితో పాటు ఊరివారీ పండుగల పట్టికలను తయారు చేయడం తక్షణ అవసరం. ఊరు ఒకచోట ఉన్నప్పుడే ఇది సాధ్యం. ఒకే ఊరివారు రెండు మూడు కాలనీలకు చెదిరిన తరువాత, రోజు నిర్ణయించే పెద్దలు ఒకచోట, పూజారి మరొకచోట ఉంటారు. ఈ పనికి మన తరగతుల్లో కూర్చున్న మన్యం విద్యార్థులకన్నా సమర్థులైన పరిశోధకులు లేరు. భూమి పండుగ వారంలో వారు గైర్హాజరు కావడం లేదు, క్షేత్రంలో ఉంటున్నారు. ఆ వారాన్ని హాజరుగా గుర్తించడం నుండి మన పని మొదలుకావచ్చు.